మంచం పక్కన మీ ఊపిరి: పాలియేటివ్ రోగిని చూసుకునేవారికి సమగ్ర మార్గదర్శి

"ఊపిరి పీల్చుకునే తీరిక కూడా లేదు" అని మన ఇళ్ళలో మాటవరసకు అంటుంటాం. మంచాన పడ్డ మనిషిని నెలల తరబడి చూసుకునేవారి విషయంలో అది అక్షరాలా జరిగేదే. క్యాన్సర్ ముదిరిన నాన్నకో, పక్షవాతంతో కదల్లేని అత్తగారికో, ఇక డయాలసిస్ వద్దనుకున్న భర్తకో సేవ చేసేవారి ఊపిరి కొన్ని వారాల్లోనే మారిపోతుంది. (ముదిరిన జబ్బులో నొప్పి, ఆయాసం వంటి బాధలను తగ్గించే వైద్యాన్నే పాలియేటివ్ వైద్యం అంటారు.) పొట్ట కదలదు, ఛాతీ పైభాగం మాత్రమే కదులుతుంది. భుజాలు చెవుల దాకా ఎక్కి ఉంటాయి. పని చేస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టి, పనయ్యాక ఒక్కసారిగా నిట్టూరుస్తారు. ఎవరో ఒకరు చెప్పేదాకా ఆ సంగతి వాళ్ళకే తెలియదు.

దీనికి అలసట ఒక్కటే కారణం కాదు. చూసుకునే మనిషి చెవి నిద్రపోదు. వంటింట్లో ఉన్నా, స్నానానికి వెళ్ళినా ఒక చెవి రోగి ఊపిరి మీదే ఉంటుంది. అక్కడ ఒక్క క్షణం చప్పుడు ఆగితే ఇక్కడ మన ఊపిరీ ఆగుతుంది. అక్కడ ఆయాసం పెరిగితే ఇక్కడ మన గుండె దడదడలాడుతుంది. రాత్రింబవళ్ళు ఇలాగే సాగితే ఆ రెండు ఊపిర్లకూ ముడి పడిపోతుంది. రోగి మీద ప్రేమ, ధ్యాస అలాగే ఉంచుకుని ఆ ముడిని మాత్రం ఎలా విప్పుకోవాలో ఇక్కడ చెబుతున్నాం.

ఈ పద్ధతిలో చేసేది ఊపిరిని గమనించడం. టీవీలో చూపించే ప్రాణాయామం వేరు, ఇది వేరు. కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం ఇక్కడ వద్దు. సరిగా నిద్ర లేని, వేళకు తిండి లేని ఒంటితో అవి చేస్తే కళ్ళు తిరుగుతాయి. బౌద్ధుల ఆనాపానసతి, అంటే వచ్చే పోయే ఊపిరి మీద ధ్యాస నిలపడం, దీనికి మూలం. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ ఇలాంటి సాధనలను మతంతో పని లేకుండా దీర్ఘకాలిక రోగులకు పాఠంగా మలిచారు. మలేషియాలోని మలయా విశ్వవిద్యాలయ వైద్యులు 5 నిమిషాల, 20 నిమిషాల పద్ధతులను పాలియేటివ్ రోగులతో పరీక్షించి, కూర్చున్న ఆ కాస్త సేపట్లోనే మనసులోని బాధ తీవ్రత తగ్గడం గమనించారు. కింద చెప్పే సాధన ఆ కోవలోదే.

ఇది చేయలేని పనులు కూడా ముందే తెలుసుకోవాలి. ఇది నిద్రకు బదులు కాదు. రోగి నొప్పిని తగ్గించే మందుకు బదులు కాదు. బెంగళూరులో ఉన్న తమ్ముణ్ణి రప్పించి వారం రోజులు మంచం పక్కన కూర్చోబెట్టదు. ఆ పనులు విడిగా చేయాల్సిందే. ఇది చేసేది ఒకటే: రోజులో పదిసార్లు పైకి ఎగదన్నే ఒంటి కంగారును, ఎగసిన ప్రతిసారీ కాస్త కిందికి దించుతుంది.

ముందు మీ ఊపిరి ఎలా ఉందో చూసుకోండి

కుర్చీలో కూర్చుని ఒక అరచెయ్యి ఛాతీ మీద, మరొకటి బొడ్డు మీద పెట్టండి. సెకన్ల ముల్లున్న గడియారం చూస్తూ 1 నిమిషం పాటు ఊపిర్లు లెక్కపెట్టండి. పీల్చి వదిలితే ఒకటి. లెక్కపెడుతున్నామన్న స్పృహతోనే ఊపిరి మారిపోతుంది కాబట్టి మొదటి నిమిషం లెక్క వదిలేసి, రెండో నిమిషం లెక్క రాసుకోండి. తీరిగ్గా కూర్చున్న పెద్దవారిలో అది సాధారణంగా 12 నుంచి 20 మధ్య ఉంటుంది. ఏ చెయ్యి ఎక్కువ కదులుతోందో కూడా చూడండి.

తర్వాత 0 నుంచి 10 దాకా ఒక అంకె వేసుకోండి. 0 అంటే మనసు నిమ్మళంగా ఉంది, 10 అంటే ఇక ఒక్క క్షణం కూడా భరించలేను. రోగి మందుల వేళలు రాసే నోట్‌బుక్ చివరి పేజీలో తేదీ, ఊపిరి లెక్క, ఈ అంకె రాయండి. ప్రత్యేకంగా డైరీ కొనవద్దు. కొన్నది మూడో రోజుకు ఏ బీరువాలోకో పోతుంది. మందుల పుస్తకం మాత్రం రోజూ చేతిలోనే ఉంటుంది.

ఎందుకు పనిచేస్తుంది

ఊపిరి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూస్తే చాలామందికి ఈ తేడా వేలికే తెలుస్తుంది. మెదడు నుంచి గుండెకు, పొట్టకు దిగే వేగస్ నాడి ఊపిరి వదిలేటప్పుడు గుండెకు గట్టిగా పగ్గం వేస్తుంది. అందుకే వదలడాన్ని పొడిగిస్తే ఒళ్ళు నెమ్మదిస్తుంది. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. కంగారు పడేవారితో "గట్టిగా ఊపిరి పీల్చుకో" అంటాం. అనాల్సింది "మెల్లగా వదులు" అని.

గబగబా లోతుగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. వేళ్ళ చివర్లు, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతుంది, తల తేలిపోతుంది. అసలే కంగారులో ఉన్న మనిషికి ఇది గుండెపోటేమో అన్న భయం కూడా తోడవుతుంది. కాబట్టి ఈ సాధన మొత్తంలో ఎక్కడా ఊపిరి పెద్దగా పీల్చాల్సిన పని లేదు.

కూర్చునే ముందు చేసుకోవాల్సిన ఏర్పాట్లు

రోగిని ఒంటరిగా వదిలి కళ్ళు మూసుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకే ముందు రోగి సంగతి చూడండి. నొప్పి మందు వేళ దాటలేదు కదా? డైపర్ తడిగా ఉందా? యూరిన్ బ్యాగు నిండిందా, పైపు ఎక్కడైనా మెలిపడిందా? గొంతు తడుపుకోవడానికి నీళ్ళు అందేలా ఉన్నాయా? ఈ నాలుగూ చూశాక, రోగి చేతికి ఒక పిలుపు సాధనం ఇవ్వండి. తీగ లేని కాలింగ్ బెల్ చవగ్గానే దొరుకుతుంది. అది లేకపోతే స్టీలు గ్లాసు, చెంచా చాలు. ఆ గంట ఉంటే మీ చెవికి కాపలా పని తప్పుతుంది. రోగి స్పృహలో లేకపోతే ఆ 5 నిమిషాలూ మరొకరు కూర్చోవాలి. "వదినా, ఐదు నిమిషాలు నాన్న దగ్గర కూర్చుంటావా, పెరట్లోకి వెళ్ళొస్తా" అని అడగడం చాలు, ధ్యానమని చెప్పి వివరించనక్కర్లేదు.

చోటు విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. పుండు వాసన ఉన్న గదిలో ఊపిరిని గమనించే సాధన చేయకూడదు. నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ పుండ్లు ఒక్కోసారి తీవ్రంగా వాసన వస్తాయి. అక్కడ ముక్కు మీద ధ్యాస పెడితే వాంతి వస్తుంది, ఆ తర్వాత ఈ సాధన పేరెత్తితేనే వెగటు పుడుతుంది. వరండా, డాబా మెట్లు, పెరటి గుమ్మం, అపార్ట్‌మెంట్ అయితే బాల్కనీ, ఏదైనా సరే. వాసన తగ్గించడానికి పుండు మీద మెట్రోనిడజోల్ పొడి వాడే పద్ధతి పాలియేటివ్ వైద్యంలో ఉంది. మీ డాక్టర్‌ని అడగండి.

కుర్చీలో వీపు ఆన్చి, పాదాలు రెండూ నేలకు ఆనేలా కూర్చోండి. పద్మాసనం అక్కర్లేదు. రోగిని ఎత్తీ దించీ నడుం పట్టేసినవారు గోడకు ఆనుకుని, మోకాళ్ళ కింద దిండు పెట్టుకోవచ్చు. బిగుతుగా ఉన్న చీరకట్టునో, చుడీదార్ నాడానో, ప్యాంటు బెల్టునో ఒక వేలు దూరేంత వదులు చేయండి. పొట్ట కదలడానికి చోటు లేకపోతే మిగిలిందంతా వృథా.

మొదటి వారం: 5 నిమిషాలు

ఫోన్‌లో 5 నిమిషాలకు టైమర్ పెట్టి, చప్పుడు తగ్గించి, బోర్లా పెట్టండి.

1. మొదటి అర నిమిషం ఏమీ చేయవద్దు. పాదాల కింద నేల చల్లగా ఉందా, గరుకుగా ఉందా చూడండి. కుర్చీ మీ బరువు మోస్తోంది, మోయనివ్వండి.

2. తర్వాత మూడు ఊపిర్లు మాత్రం కావాలని చేయండి. ముక్కుతో మామూలుగా పీల్చి, ఆ పైన ఇంకొక చిన్న గుక్క పీల్చి, వేడి టీని ఊదినట్టు పెదవుల మధ్య నుంచి మెల్లగా, పూర్తిగా వదలండి. ఇది నిట్టూర్పే. ఇంట్లో నిట్టూర్చకూడదని పెద్దవాళ్ళు కోప్పడతారు గానీ, ఒళ్ళు తనంతట తాను ఊపిరితిత్తుల్లో మూసుకుపోయే చిన్న గాలి అరలను తెరుచుకునే పద్ధతి అది. 2023లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ అధ్యయనంలో ఈ తరహా నిట్టూర్పులను రోజుకు 5 నిమిషాల చొప్పున నెల రోజులు చేసినవారి మనఃస్థితి మెరుగైంది. ఇక్కడ మనకు మూడే చాలు.

3. ఇక నియంత్రణ వదిలేయండి. ఊపిరి తనకు నచ్చినట్టు సాగుతుంది. అది ఎక్కడ బాగా తెలుస్తోందో వెతకండి. కొందరికి ముక్కు అంచున చల్లగా, కొందరికి ఛాతీలో, కొందరికి బొడ్డు దగ్గర. ఒక చోటు ఎంచుకున్నాక ఆ పూటకు మార్చవద్దు.

4. ఊపిరి లోపలికి వస్తుంటే మనసులో "వస్తోంది", బయటికి పోతుంటే "పోతోంది" అనుకోండి. పోయేటప్పుడు భుజాలను కూడా దానితోపాటు దిగనివ్వండి.

5. మనసు మందుల చీటీ మీదికో, ఆస్పత్రి బిల్లు మీదికో వెళ్తుంది. తప్పకుండా వెళ్తుంది. వెళ్ళిందని తెలిసిన క్షణాన "ఆలోచన" అని ఒక్క మాట అనుకుని తరువాతి "పోతోంది" దగ్గర చేరండి. 5 నిమిషాల్లో ఇరవైసార్లు తిరిగి రావాల్సి వచ్చినా సాధన బాగానే జరిగినట్టే. తిరిగి రావడమే ఇక్కడ కసరత్తు.

6. టైమర్ మోగాక వెంటనే లేవవద్దు. కళ్ళు తెరిచి, కనిపించే మూడు వస్తువుల పేర్లు మనసులో అనుకుని, అప్పుడు లేవండి. అంకె మళ్ళీ రాయండి.

7 నుంచి 6కి దిగితే అది మంచి ఫలితం. 7 నుంచి 1కి దిగాలని కూర్చుంటే నిరాశే మిగులుతుంది. కొన్ని రోజులు అసలు దిగదు. ముందు రాత్రి మూడు గంటలే నిద్రపోయి ఉంటే ఆ రోజు అంకె మీద ఆశ పెట్టుకోకండి.

రెండో వారం నుంచి: 20 నిమిషాలు, నాలుగు భాగాలు

వారానికి రెండు మూడుసార్లు, ఇంకొకరు రోగి దగ్గర ఉన్నప్పుడు మాత్రమే ఇది చేయండి. ఒక్కో భాగం 5 నిమిషాలు. మొదటి భాగం పైన చెప్పిందే: వస్తోంది, పోతోంది. రెండో భాగంలో ఒక్కో ఊపిరిని మొదలు నుంచి చివరి దాకా వెంబడించండి. బావిలోకి చేద దిగుతుంటే తాడు వెంట చూపు దిగినట్టు, ఊపిరి పూర్తిగా పోయి, మళ్ళీ మొదలయ్యే ముందున్న చిన్న విరామం దాకా. మూడో భాగంలో ధ్యాసను ఒళ్ళంతా పరచండి. అరికాళ్ళు, పిక్కలు, నడుం, వీపు, భుజాలు, దవడ. ఎక్కడ బిగుతుందో చూడండి చాలు, సరిచేయవద్దు. నాలుగో భాగంలో వదిలే ప్రతి ఊపిరితోనూ అందులో ఒక చోటును వదులు చేయండి. ఈ సేవ చేసేవారిలో బిగుతు ఎక్కువగా మూడు చోట్ల దాక్కుంటుంది. దవడలో, ఎడమ కుడి భుజాలెముకల మధ్య, పొట్టలో. దవడ వదులవ్వాలంటే పై పళ్ళు కింది పళ్ళకు తగలకుండా, నాలుక కింద దవడలో పడుకున్నట్టు ఉంచండి.

20 నిమిషాలు కుదరకపోతే నాలుగు భాగాలనూ చెరో 2 నిమిషాలకు కుదించండి. ఏ భాగాన్నీ పూర్తిగా వదిలేయవద్దు, ముఖ్యంగా మూడోదాన్ని.

ఎక్కడ చెడుతుంది, ఎందుకు

ఏడుపు వస్తుంది. మూడో నాలుగో రోజున చాలామందికి ఇదే జరుగుతుంది. రోజంతా బిగబట్టుకున్నది ఊపిరి వదులవగానే బయటపడుతుంది. సాధన తప్పుదారి పట్టలేదు. ఏడవండి, ముక్కు తుడుచుకోండి, నీళ్ళు తాగండి. ఆ పూటకు అక్కడితో ఆపేయవచ్చు.

నిద్ర ముంచుకొస్తుంది. అది ఒంటికి ఉన్న నిద్ర అప్పు. దానితో పోరాడవద్దు. టైమర్ 20 నిమిషాలకు మార్చుకుని పడుకోండి, ఆ రోజు అదే మీ సాధన.

ఊపిరి మీద ధ్యాస పెట్టగానే కంగారు పెరుగుతుంది. పాతికేళ్ళ క్రితం నీళ్ళలో మునిగినవారికి, కోవిడ్‌లో ఆయాసపడినవారికి, ఆస్తమా ఉన్నవారికి, ఊపిరాడక ఇంట్లో ఒకరు పోయినవారికి ఇలా జరగవచ్చు. వీరు ఊపిరిని పూర్తిగా వదిలేసి అరచేతులను గమనించాలి. రెండు అరచేతులనూ తొడల మీద పెట్టి, వెచ్చదనాన్ని, బట్ట నేతను గమనించడం. లేదా ఫ్యాన్ చప్పుడు వినడం. ప్రయోజనం దాదాపు అంతే. బలవంతంగా ఊపిరి దగ్గరికే రావాలన్న నియమం ఏదీ లేదు.

తిమ్మిరి, తల తేలడం వస్తే మీరు పెద్ద ఊపిర్లు తీస్తున్నారు. నోరు మూసి, ముక్కుతో, పక్కవారికి వినబడనంత మెత్తగా పీల్చండి. రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఛాతీలో బరువు, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి, చెమటలు ఉంటే మాత్రం దాన్ని ఒత్తిడి ఖాతాలో వేయకుండా 108కి ఫోన్ చేయండి. సేవ చేసేవారు తమ సొంత బీపీ, షుగరు మందులు మరిచిపోవడం ప్రతి ఇంట్లో కనిపించేదే.

ఇక అపరాధభావం. "అమ్మ లోపల మూలుగుతుంటే నేనిక్కడ కళ్ళు మూసుకుని కూర్చోవడమా?" ఇది అందరికంటే కోడళ్ళకు, భార్యలకు ఎక్కువ. వాళ్ళు కూర్చుంటే చూసేవాళ్ళు కూడా ఒక మాట అనే అవకాశం ఉంది. దీనికి ఊపిరితో మందు లేదు, ఏర్పాటుతో ఉంది. మూలుగుతున్న మనిషికి ముందు నొప్పి మందు. డాక్టర్ రాసిన అదనపు మోతాదు ఉంటే అది. అది పనిచేయడానికి పట్టే వ్యవధిలో మీరు పక్కన నిలబడి చేతులు నలుపుకున్నా, 5 నిమిషాలు కూర్చున్నా ఆమెకు తేడా లేదు. మీకు ఉంది.

రోజు పనుల్లోనే ఇమిడ్చేయడం

విడిగా సమయం దొరకదన్నది నిజం. అందుకే ఇప్పటికే గడియారానికి కట్టుబడి ఉన్న పనులకు ఊపిరిని తగిలించాలి.

నోటి ద్వారా ఇచ్చే మామూలు మార్ఫిన్ మాత్రలు 4 గంటలకోసారి రాస్తారు. చాలా ఇళ్ళలో 6, 10, 2, 6, 10 అలారాలు మోగుతూనే ఉంటాయి. మాత్ర మింగించి, వేళ రాసి, పెన్ను కింద పెట్టాక మూడు ఊపిర్లు. పెన్ను కింద పెట్టడమే గుర్తు. రోజుకు ఐదుసార్లు, ఒక్కోసారి అర నిమిషం కూడా కాదు.

ముక్కు పైపు ద్వారా ఆహారం పోసేవారికి దీనికంటే మంచి అవకాశం ఉంది. సిరంజిని పైకెత్తి పట్టుకుని జావ తనంతట తాను దిగేదాకా నిలబడాలి. ఆ సమయంలో భుజం పైకెక్కి, ఊపిరి బిగుస్తుంది. మోచెయ్యిని దిండు మీదో మంచం కమ్మీ మీదో ఆన్చి, సిరంజిలో మట్టం దిగుతుంటే మీ ఊపిరి కూడా వదులుతూ భుజాన్ని దించండి. జావ వేగంగా పోవాలని పిస్టన్‌తో నెట్టవద్దు. తోస్తే రోగికి కక్కు వస్తుంది. పోయడం అయ్యాక తల వైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తు కనీసం అరగంట ఉంచాలి కదా, ఆ అరగంట మీరు ఎలాగూ అక్కడ ఉండాల్సిందే. 5 నిమిషాల సాధన అందులో చేసుకోండి, కళ్ళు తెరిచే.

పక్కకు తిప్పేటప్పుడు: పడక పుండ్లు రాకుండా 2 గంటలకోసారి తిప్పుతుంటారు. బరువు లాగే క్షణంలో ఊపిరి బిగబడితే బీపీ ఎగబాకుతుంది, నడుం పట్టేస్తుంది. ముందు పీల్చండి, దుప్పటి అంచు గట్టిగా పట్టుకోండి, "ఒకటి రెండు మూడు" అంటూ ఊపిరి వదులుతూ లాగండి. గట్టిగా అంకెలు లెక్కపెడితే ఊపిరి దానంతటదే వదులుతుంది. పైగా రోగికి కూడా ఇప్పుడు తిప్పుతున్నారని తెలుస్తుంది.

కట్టు మార్చేటప్పుడు ఊపిరి జోలికి వెళ్ళవద్దు. మాస్కు వేసుకుని ధ్యాసను పాదాల మీద, వేళ్ళ కదలిక మీద ఉంచండి. పనయ్యాక చేతులు కడుక్కునే నీళ్ళ దగ్గర మూడు నిట్టూర్పులు.

ఇంకొకటి, బంధువుల ఫోన్లు. "ఇప్పుడెలా ఉంది, తింటున్నారా?" అని రోజుకు పదిసార్లు అదే ప్రశ్న. రింగ్ వినగానే ఎత్తవద్దు. మూడో రింగు దాకా ఆగి, ఒక ఊపిరి పూర్తిగా వదిలి ఎత్తండి. ఇంకా మేలైన ఉపాయం, సాయంత్రం ఒక్కసారి కుటుంబం వాట్సాప్ గుంపులో పరిస్థితి చెప్పి, మిగతా ఫోన్లను ఒక బావగారికో పిన్నికో అప్పగించడం.

రోగి ఊపిరి, మీ ఊపిరి

ముడి గట్టిగా పడేది ఇక్కడే. మూడు సందర్భాలు విడివిడిగా చూడాలి.

మొదటిది ఆయాసం. రోగి ఎగపోస్తుంటే మీకూ ఊపిరాడనట్టు ఉంటుంది. ముందు చేతులకు పని చెప్పండి. తల, వీపు ఎత్తి, ముందుకు వాల్చి ఒడిలో దిండు పెట్టండి. కిటికీ తెరిచి, బల్ల ఫ్యానో చేతి ఫ్యానో ముఖానికి, చెంపలకు గాలి తగిలేలా పెట్టండి. ముఖానికి చల్లగాలి తగిలితే ఆయాసం బాధ తగ్గుతుంది. డాక్టర్ రాసిన మందు ఇవ్వండి. ఆ తర్వాత రోగి ఎదురుగా కూర్చుని మీ ఊపిరిని నెమ్మదిగా వదలండి. రోగి ఊపిరిని అనుసరించవద్దు, "నాలాగా పీల్చు" అని ఆజ్ఞాపించవద్దు. ఒక చెయ్యి రోగి భుజం మీద వేసి మీరు నెమ్మదిగా వదులుతుంటే, చాలాసార్లు రోగి కంగారు కూడా దిగుతుంది. అది జరగకపోయినా ఆ గదిలో ఒకరి ఊపిరైనా నిదానంగా ఉంటుంది.

రెండోది విరామాలు. చివరి రోజుల్లో ఊపిరి క్రమంగా లోతై, మళ్ళీ చిన్నదై, కొంతసేపు పూర్తిగా ఆగి, తిరిగి మొదలవుతుంది. వైద్యులు దీన్ని చేన్-స్టోక్స్ శ్వాస అంటారు. ఒక్కో విరామం అర నిమిషం కూడా ఉండవచ్చు. పక్కన కూర్చున్నవారు తెలియకుండానే ఆ అర నిమిషమూ ఊపిరి బిగబడతారు, మళ్ళీ మొదలవగానే గబుక్కున పీలుస్తారు. రాత్రంతా ఇలా గడిస్తే తెల్లారేసరికి నిలబడే శక్తి ఉండదు. ఇక్కడ చేయాల్సింది స్పష్టంగా ఒకటే. విరామం మొదలైందని తెలిసిన క్షణంలో మీ ఊపిరిని వదలండి, మీ పొట్ట మీద మీ చెయ్యి పెట్టుకోండి, "ఇది నాది" అనుకుని మీ ఊపిరి లెక్కపెట్టండి: ఒకటి, రెండు, మూడు. రోగి విరామాన్ని సెకన్లలో కొలవవద్దు. ఆ లెక్క వల్ల వైద్యానికి ఏమీ ఒనగూరదు.

మూడోది గొంతులో గురగుర, ఎగశ్వాస. మింగే శక్తి పోయాక గొంతులో నిలిచిన తేమ మీదుగా గాలి పోయే చప్పుడు అది. వినేవారికి ఊపిరాడక నరకయాతన పడుతున్నట్టు అనిపిస్తుంది. ఆ దశలో రోగి సాధారణంగా స్పృహలో ఉండరు కనుక ఆ బాధ వారికి తెలియదని వైద్యులు చెబుతారు. ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే చప్పుడు కొంత తగ్గుతుంది. ఈ సమయంలో తులసి తీర్థం పోయాలన్న ఆరాటం మన ఇళ్ళలో సహజం. గొంతులో పోయకుండా తడిపిన దూదితో పెదవులకు అద్దండి, తీర్థం అందినట్టే. ఆ చప్పుడు మధ్య మీ ఊపిరి మీద ధ్యాస నిలవదు. నిలపాలని చూడవద్దు. రోగి చెయ్యి పట్టుకుని, ఆ చేతి వెచ్చదనం మీద ధ్యాస పెట్టండి. గది నుంచి గంటకోసారి బయటికి వచ్చి పది ఊపిర్లు తీసుకుని వెళ్ళండి, ఎవరేమనుకున్నా సరే.

రాత్రి

రాత్రి ఎవరు మేలుకుంటారన్నది సాయంత్రమే తేల్చుకోండి. ఇద్దరుంటే 10 నుంచి 2 ఒకరు, 2 నుంచి 6 ఒకరు. తన వంతు కాని మనిషి వేరే గదిలో పడుకోవాలి. ఒకే గదిలో పడుకుంటే చెవి వంతులు పాటించదు. ఒక్కరే ఉన్నవారు రోగి చేతికి గంట కట్టి, ఎయిర్ బెడ్ మోటారు చప్పుడునో ఆక్సిజన్ మెషీన్ చప్పుడునో వినడానికి ఎంచుకోండి. అది మారని చప్పుడు, చెవికి ఆధారంగా పనికొస్తుంది.

పక్క మీద వెల్లకిలా పడుకుని పొట్ట మీద చెయ్యి పెట్టి, పీల్చేటప్పుడు మనసులో 4 దాకా, వదిలేటప్పుడు 6 దాకా లెక్కపెట్టండి. నిమిషానికి సుమారు ఆరు ఊపిర్లవుతాయి. 4-6 కష్టమనిపిస్తే 3-4. ఎక్కడా బిగబట్టవద్దు. లెక్క తప్పితే ఒకటి నుంచి మొదలు. గడియారం చూడకుండా ఉండేందుకు ఫోన్‌ను చెయ్యి అందనంత దూరంలో, అలారం వినబడేంత దగ్గరలో పెట్టండి.

ఊపిరితో ఆగని పరిస్థితులు

రెండు వారాలు రాస్తూ వెళ్ళాక ఆ అంకెలు తిరగేయండి. రోజూ 8 దాటుతుంటే, తిండి సయించకపోతే, అవకాశం ఉన్నా నిద్ర పట్టకపోతే, రోగి మీద చెయ్యి ఎత్తాలనిపిస్తుంటే, "ఇద్దరం పోతే బాగుండు" అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఇంకెక్కువ సాధన చేయడం దానికి జవాబు కాదు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. రోగికి మందులిచ్చే పాలియేటివ్ డాక్టర్‌తో కూడా చెప్పండి. పాలియేటివ్ వైద్యంలో కుటుంబం కూడా భాగమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలోనే ఉంది. కాబట్టి మీ గురించి అడగడం వారి సమయం వృథా చేయడం కాదు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. తెలంగాణలో జిల్లా స్థాయిలోనూ ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలున్నాయి. కొద్ది రోజులు రోగిని అక్కడ ఉంచి మీరు నిద్రపోయే వీలుందేమో అడగండి.

తర్వాత కొన్ని వారాలు

మనిషి పోయాక చెవి ఆగదు. పదకొండో రోజు, పన్నెండో రోజు అయిపోయి బంధువులు వెళ్ళిపోయాక, రాత్రి 2 గంటలకు మీ వంతు వచ్చినట్టు మెలకువ వస్తుంది. చప్పుడు వినబడదు. గుండె దడ మొదలవుతుంది, ఊపిరి బిగుస్తుంది. వారాల తరబడి ఇలా జరగడం సహజం. లైటు వేయండి, పాదాలు నేల మీద ఆన్చి మంచం అంచున కూర్చోండి. బొడ్డు మీద చెయ్యి పెట్టి, పీల్చడం గురించి పట్టించుకోకుండా పది ఊపిర్లు పూర్తిగా వదలండి. ఏడుపు వస్తే రానివ్వండి. తర్వాత కాసిని నీళ్ళు తాగి, మరో పక్కకు తిరిగి పడుకోండి. మంచం ఉన్న చోటు మార్చడం కూడా కొందరికి ఉపకరిస్తుంది. పాత అలారాలు ఫోన్‌లో ఇంకా ఉన్నాయేమో చూసి, 6, 10, 2 వరసగా ఒక్కొక్కటీ తీసేయండి. ఒక్కరోజే అన్నీ తీయనక్కర్లేదు.